కౌంటర్ దగ్గరకు చేరే ముందు: మిస్సిసాగా ప్లాజాలలో ఫాస్ట్‌ఫుడ్ ఎంపిక

మిస్సిసాగాలో తిండి దొరకని ప్లాజా అంటూ ఉండదు. వారాంతపు కొనుగోళ్ళ మధ్యలో ఆకలి వేసిన తెలుగు కుటుంబానికి కనుచూపు మేరలోనే పది పదిహేను బోర్డులు వెలుగుతూ కనిపిస్తాయి గనుక, చిక్కంతా ఆ బోర్డులలో ఏది తమ ఆచారానికి, ఆరోగ్యానికి, జేబుకు సరిపడుతుందో వరుసలో తమ వంతు వచ్చేలోగా తేల్చుకోవడం దగ్గరే వస్తుంది. వెనుక ఎనిమిది మంది నిలబడి ఉండగా, పిల్లవాడు చెయ్యి పట్టి లాగుతూ ఉండగా, తల పైన వరుసగా మారిపోయే బొమ్మలను చూస్తూ తీసుకున్న నిర్ణయం సరిగా ఉంటుందని ఎవరైనా ఎట్లా అనుకోగలరు?

భారతదేశంలో ఈ పనిలో సగం చట్టమే చేసిపెడుతుంది. పొట్లాలలో అమ్మే ఆహారం శాకాహారమైతే దాని మీద ఆకుపచ్చ గుర్తు తప్పనిసరి. హోటళ్ళు సైతం ‘ప్యూర్ వెజ్’ అని గుమ్మం మీదే రాసుకుంటాయి. కెనడాలో అటువంటి గుర్తు వేయాలన్న నిర్బంధం లేదు. బోర్డు మీద పదార్థం పేరు ఉంటుంది గాని లోపల ఏమి కలిసిందో ఉండదు. ధర ఉంటుంది గాని పన్ను ఉండదు. కేలరీల అంకె ఉంటుంది గాని అది ఎంత భాగానికి వర్తిస్తుందో పరిశీలించి చూస్తే తప్ప తెలియదు. అక్కడ గుర్తు చెప్పే జవాబును ఇక్కడ తినేవారే అడిగి రాబట్టుకోవాలి. నలుగురిలో ప్రశ్నించడం మర్యాద కాదన్న పెంపకంలో పెరిగినవారికి ఇది మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. అయితే అడగవలసిన ప్రశ్నలు నిజానికి నాలుగైదుకు మించవు, రెండు మూడు వారాంతాలలో అవి నోటికి వచ్చేస్తాయి.

1. ఎక్కడికి వెళ్ళాలో కారు ఎక్కకముందే నిర్ణయించుకోవాలి.

స్ట్రీట్స్‌విల్, పోర్ట్ క్రెడిట్ అనే పాత ఊళ్ళను కలుపుకొని 1974లో నగరంగా ఏర్పడిన మిస్సిసాగా కారులో తిరిగేవారి కోసం విస్తరించిన ఊరు. అందుచేత ఇక్కడి తిండి దుకాణాలు వీధి పొడుగునా కాక ప్లాజాలలో, అంటే మధ్యలో విశాలమైన పార్కింగు స్థలాన్ని ఉంచి చుట్టూ కట్టిన దుకాణాల సముదాయాలలో, గుమిగూడి ఉంటాయి. వీటిలో ప్రధానంగా రెండు రకాలు. 1973లో తెరిచిన స్క్వేర్ వన్ వంటి పైకప్పున్న మాల్‌లో ఫుడ్ కోర్టు ఉంటుంది: కౌంటర్లు వేరువేరు, కూర్చునే బల్లలు ఉమ్మడి. మావిస్, బ్రిటానియా రోడ్ల కూడలిలో ఉన్న హార్ట్‌ల్యాండ్ టౌన్ సెంటర్ వంటి చోట ప్రతి దుకాణానికీ వేరే భవనం, వేరే గుమ్మం ఉంటాయి. ఒకదాని నుంచి మరొకదానికి నడుద్దామంటే కార్ల మధ్య నుంచి, జనవరిలోనైతే మంచు మీద నుంచి, నడవవలసి వస్తుంది.

ఈ తేడా తెలిసిన కుటుంబానికి సగం తగాదా తీరినట్లే. ఇంట్లో ఒకరు శాకాహారి, ఒకరు కోడి తప్ప మరేదీ ముట్టనివారు, పిల్లలకు పిజ్జా తప్ప ఇంకేదీ పట్టదు అన్నప్పుడు ఫుడ్ కోర్టే మేలు. ఎవరి పళ్ళెం వారు తెచ్చుకొని ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. అందరి రుచీ ఒకటే అయితే విడి దుకాణం హాయి. హలాల్ మాంసం మాత్రమే తినే హైదరాబాదీ కుటుంబాలు నగరపు పడమటి అంచున ఉన్న రిడ్జ్‌వే ప్లాజాకు వెళ్ళడం వాడుక, అయితే అక్కడ రాత్రి పొద్దుపోయే దాకా జనం కిటకిటలాడుతూ ఉంటారు గనుక పార్కింగు కోసం తిరిగే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. డెర్రీ రోడ్డు వైపు సెయింట్ బార్బరా బూలెవార్డ్ మీది గురు లక్ష్మి వంటి దోసెల హోటళ్ళు శాకాహారికి నిశ్చింతనిస్తాయి గాని, వారాంతంలో అక్కడ పని త్వరగా తెములుతుందని అనుకోకూడదు.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, కారు ఆపిన తరువాత పార్కింగులో నిలబడి చర్చ మొదలుపెట్టడం. ఆకలితో ఉన్న నలుగురు చలిలో ఏకాభిప్రాయానికి వచ్చిన దాఖలాలు తక్కువ.

2. పేరును బట్టి పదార్థాన్ని ఊహించకూడదు.

ఈ అధ్యాయంలో ఎక్కువ సేపు నిలిచి చదవవలసిన అంశం ఇదే. తెలుగు నేల మీద ఫాస్ట్‌ఫుడ్ అంటే చికెన్, పనీర్, ఆలూ టిక్కీ అని అలవాటుపడినవారికి అవే బోర్డులు, అవే రంగులు మిస్సిసాగాలో కనిపించేసరికి లోపలి సరుకు కూడా అదేనన్న భ్రమ కలుగుతుంది. ఇక్కడ బర్గర్ అని విడిగా అన్నప్పుడు గొడ్డు మాంసమనే అర్థం. కోడి అయితేనే ప్రత్యేకంగా చికెన్ అని రాస్తారు. కాస్ట్‌కోలో పానీయంతో కలిపి డాలరున్నరకే దొరికే హాట్‌డాగ్ పేరులో ఏ జంతువూ వినిపించకపోయినా అది గొడ్డు మాంసంతో చేసినదే. పిజ్జా మీది పెప్పరోనీ పంది, గొడ్డు మాంసాలు కలిపి చేసిన సాసేజి. బేకన్ పంది మాంసం. పొద్దుటి పూట దొరికే శాండ్‌విచ్‌లోని సాసేజి కూడా మామూలుగా పంది మాంసమే. ప్యాటీ అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి: బర్గర్‌లో పెట్టే గుండ్రని బిళ్ళ ఒకటి, జమైకా నుంచి వచ్చినవారు తెచ్చిన, పసుపు రంగు పొర లోపల మాంసం కూరిన పఫ్ మరొకటి. 1985లో కెనడా ప్రభుత్వ తనిఖీదారులు ఈ రెండవదానిని బీఫ్ ప్యాటీ అని పిలవరాదని అడ్డు చెప్పగా టొరంటోలోని జమైకన్ బేకరీలవారు ఎదురుతిరగడం, చివరకు జమైకన్ ప్యాటీ అన్న పేరుతో రాజీ కుదరడం ఆ ఊరి చరిత్రలో ఒక ముచ్చట. కూరగాయలు కూరిన రకం కూడా దొరుకుతుంది. పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మాంసం కంటికి కనిపించని చోట జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పూటీన్‌ను తీసుకుంటే, క్యుబెక్‌లో పుట్టి కెనడా అంతటా వ్యాపించిన ఈ వంటకంలో వేయించిన బంగాళాదుంప ముక్కలు, వాటి మీద చీజ్ తునకలు, ఆపైన వేడివేడిగా పోసే గోధుమ రంగు గ్రేవీ ఉంటాయి. ఫుడ్ కోర్టులో పిల్లవాడు దానిని చూపించి “అమ్మా, ఇది బంగాళాదుంపే కదా, తినొచ్చు కదా?” అని అడిగితే తల్లి ఏమి చెప్పాలి? దుంప వరకు వాడు చెప్పింది నిజమే. అయితే ఆ గ్రేవీని సాధారణంగా గొడ్డు ఎముకలో, కోడి ఎముకలో ఉడికించిన నీటితో తయారు చేస్తారు. కొన్ని దుకాణాలలో కూరగాయలతో చేసిన గ్రేవీ ఉంటుంది, అడిగితే వేస్తారు. అడగకపోతే మామూలుదే పడుతుంది.

మన నాలుకకు దగ్గరగా ఉండే వంటకాలే ఒక్కొక్కసారి ఎక్కువ మోసం చేస్తాయి. కలకత్తా నుంచి వలస వచ్చిన హక్కా చైనీయులు టొరంటో ప్రాంతానికి తెచ్చిన మంచూరియా, చిల్లీ చికెన్, నూడుల్స్ తెలుగువారికి సొంత వంటలా తోస్తాయి. అయినా వెజ్ మంచూరియా సాస్‌లో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల రసంతో చేసిన సాస్, లేదా కోడి పొడి పడి ఉండవచ్చు. థాయ్ కూరల ముద్దలలో ఎండు రొయ్యలు, చేపల సాస్ కలవడం పరిపాటి. కూరగాయల సూప్‌కు ఆధారం కోడి రసం కావచ్చు. నియమాన్ని కఠినంగా పాటించేవారు చీజ్ విషయంలో మరో మాట తెలుసుకోవాలి: పాలను విరిచేందుకు వాడే రెనెట్ అనే ఎంజైమును దూడ కడుపు నుంచి తీస్తారు, సూక్ష్మజీవుల నుంచి కూడా తయారు చేస్తారు; ఏది వాడారన్నది కంపెనీని బట్టి మారుతుంది.

ఫ్రెంచ్ ఫ్రైస్ సంగతి మరీ సున్నితమైనది. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో గొడ్డు కొవ్వు మాని వంటనూనెకు మారినట్లు ప్రకటించిన తరువాత కూడా ఫ్రైస్‌లో గొడ్డు మాంసం నుంచి తీసిన రుచిద్రవ్యాన్ని వాడుతున్నదని 2001లో దావా పడింది. మరుసటి సంవత్సరం ఆ సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార, హిందూ, తదితర సంస్థలకు కోటి డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకొన్నది. ఆ వ్యవహారం అమెరికాది. ఒకే సంస్థ వేరువేరు దేశాలలో వేరు పదార్థాలు వాడవచ్చు గనుక, హైదరాబాదులోనో డాలస్‌లోనో తెలిసిన సంగతిని మిస్సిసాగాకు అన్వయించకుండా ఆ సంస్థ కెనడా వెబ్‌సైటులో ఉన్న పదార్థాల పట్టికను ఒకసారి ఇంట్లో కూర్చుని చదువుకోవడం మంచిది. పట్టికలో దోషం లేకపోయినా, అదే నూనె బాణలిలో చేపనో కోడినో వేయించే దుకాణాలు ఉంటాయన్నది మాత్రం మరువరాదు.

3. అడిగే తీరు నేర్చుకోవాలి.

“ఇది వెజిటేరియనా?” అన్న ఒక్క ప్రశ్న చాలదు, ఎందుకంటే కౌంటర్ వెనుక ఉన్నవారి దృష్టిలో గుడ్డు శాకాహారమే, కొందరి లెక్కలో చేప కూడా అటువైపే ఉంటుంది. దానికి బదులు విడమరిచి అడిగితే సరైన జవాబు వస్తుంది: మాంసం, చేప, గుడ్డు తిననని చెప్పి, గ్రేవీ లేదా సాస్ దేనితో చేస్తారు, వేయించే నూనె వేరుగా ఉంటుందా, పెనం వేరుగా ఉంటుందా అని అడగాలి. ఈ ప్రశ్నలు డబ్బు చెల్లించే ముందు రావాలి. పళ్ళెం చేతికి వచ్చిన తరువాత అడిగితే ఇద్దరికీ ఇబ్బందే.

కళ్ళ ముందు తయారు చేసి ఇచ్చే దుకాణాలలో ఈ పని సులువవుతుంది. సబ్‌వేలో రొట్టెను కోసే ముందే చేతి తొడుగులు మార్చమని కోరవచ్చు, వారు మారు మాట్లాడకుండా మారుస్తారు; హార్వీస్‌లో బర్గర్ మీద ఏయే కూరగాయలు, ఏయే సాస్‌లు పడాలో తినేవారే చూపించి వేయించుకుంటారు. స్ట్రీట్స్‌విల్‌లో మొదలై నేడు అనేక ఊళ్ళకు విస్తరించిన ఆస్మోస్ వంటి షవర్మా దుకాణాలలో శనగలతో చేసే ఫలాఫెల్ శాకాహారికి అక్కరకు వస్తుంది. స్క్వేర్ వన్ పక్కనే షెరిడన్ కళాశాల ప్రాంగణం ఉంది గనుక కౌంటర్ వెనుక నిలబడినవారు పంజాబు నుంచో గుంటూరు నుంచో వచ్చిన విద్యార్థులు కావడం అరుదేమీ కాదు; వారికి ఈ ఆచారాలు వివరించి చెప్పనక్కరలేదు.

ఒక హెచ్చరిక. ఆచారాన్ని ఎలర్జీ అని చెప్పి పని జరిపించుకునే అలవాటు కొందరిలో ఉంది. అది తగదు: ఎలర్జీ అని వినగానే వంటగదిలో పాత్రలు మార్చి, పని ఆపి శుభ్రం చేసే పద్ధతులు మొదలవుతాయి, ఆ మాట ఊరకే వాడేవారు పెరిగితే నిజంగా వేరుశనగ గింజ తగిలితే ఊపిరాడని పిల్లవాడి మాటకు విలువ తగ్గుతుంది. మాంసం తిననని చెబితే చాలు, కారణం ఎవరూ అడగరు. హలాల్ విషయంలోనూ బోర్డు మీది మాటతో సరిపెట్టుకోనక్కరలేదు. ఆహార పదార్థాల లేబుళ్ళ మీద, ప్రకటనలలో హలాల్ అని పేర్కొంటే ధ్రువీకరించిన సంస్థ పేరు కూడా చెప్పాలన్న కెనడా నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది గనుక, ఎవరు ధ్రువీకరించారని అడగడం తప్పు కాదు.

4. కేలరీల అంకె చదివే పద్ధతి తెలియాలి.

కేలరీ అనగా ఆహారం నుంచి ఒంటికి అందే శక్తికి కొలత. ఒంటారియోలో 2015లో చేసిన చట్టం ప్రకారం, రాష్ట్రంలో ఇరవై లేదా అంతకు మించి శాఖలున్న ఆహార సంస్థలు 2017 జనవరి 1 నుంచి మెనూ బోర్డు మీద ప్రతి పదార్థం పక్కన కేలరీలు చూపవలసి ఉంటుంది. పదమూడేళ్ళు దాటినవారికి రోజుకు సగటున 2,000, నాలుగు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 1,500 కేలరీలు అవసరమన్న వాక్యం కూడా అక్కడే ఉండాలి. ఒకటి రెండు శాఖలున్న షవర్మా కొట్టుకు, మన బిర్యానీ హోటలుకు ఈ చట్టం వర్తించదు. అక్కడ అంకె లేకపోవడాన్ని తేలికైన తిండికి గుర్తుగా తీసుకోకూడదు.

చదవడంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. పిజ్జా పక్కన ఉన్న అంకె ఒక్క ముక్కకు సంబంధించినదై ఉండగా మొత్తానికని భ్రమపడడం మొదటిది. రెండవది కాంబో, అనగా బర్గర్, ఫ్రైస్, పానీయం కలిపి అమ్మే కట్ట, విషయంలో జరుగుతుంది: దాని పక్కన ఒక అంకె కాక రెండు అంకెల మధ్య పరిధి ఉంటుంది, అందులో చిన్న అంకె చక్కెర లేని పానీయంతో, పెద్ద అంకె మామూలు కోలాతో వచ్చేది కావచ్చు. కోలాకు బదులు నీళ్ళు తీసుకుంటే ఆ పరిధిలో కింది కొసకు చేరినట్లే. చాలా దుకాణాలలో గ్లాసు నీళ్ళు అడిగితే ఊరకే ఇస్తారు. ఇక ఉప్పు సంగతి బోర్డు మీద ఉండనే ఉండదు. పెద్దవారు రోజుకు 2,300 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదని కెనడా ఆరోగ్య శాఖ చెబుతుండగా, రక్తపోటు మందు వాడే తండ్రిగారిని వెంట తీసుకువెళ్ళే కొడుకు కొనబోయే పదార్థంలోని సోడియం ఎంతో కంపెనీ వెబ్‌సైటులో ముందుగా చూసి పెట్టుకోవాలి.

కాఫీ విషయంలో ఒక మాట. 1964లో హామిల్టన్‌లో ఒక హాకీ ఆటగాడి పేరుతో మొదలైన టిమ్ హార్టన్స్‌లో డబుల్ డబుల్ అంటే రెండు పాళ్ళు క్రీము, రెండు పాళ్ళు చక్కెర. క్రీము అంటే పాలు కాదు, పాల కంటే ఎన్నో రెట్లు కొవ్వున్న మీగడ. మధుమేహం ఉన్నవారు తోటి ఉద్యోగులను చూసి అదే మాట పలకడం కంటే, పాలతో, చక్కెర లేకుండా అని అడిగి తీసుకోవడం క్షేమం.

5. బోర్డు మీది ధరకు పన్ను కలిపి చూసుకోవాలి.

ఒంటారియోలో వండిన ఆహారం మీద హెచ్‌ఎస్‌టి పేరుతో 13 శాతం పన్ను పడుతుంది. అందులో 5 శాతం కేంద్రానిది, 8 శాతం రాష్ట్రానిది. మొత్తం కొనుగోలు నాలుగు డాలర్లకు మించకపోతే రాష్ట్ర భాగం మినహాయిస్తారు. ఉదాహరణకు 12.99 డాలర్ల కాంబో కౌంటర్ దగ్గర 14.68 అవుతుంది, నోట్లు ఇచ్చి చెల్లించేవారికి అది 14.70, ఎందుకంటే 2013లో ఒక సెంటు నాణేన్ని చెలామణి నుంచి తప్పించిన తరువాత నగదు మొత్తాన్ని దగ్గరి అయిదు సెంట్లకు సరిచేస్తారు. 2.19 డాలర్ల కాఫీలు రెండింటిని ఒకే బిల్లులో కొంటే పన్ను 57 సెంట్లు, ఇద్దరూ విడివిడిగా చెల్లిస్తే మొత్తం 22 సెంట్లు. ముప్పై అయిదు సెంట్ల కోసం పొద్దుటి వరుసను ఆపడం ఎంతవరకు సబబో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

డోనట్లకు ఇంకొక విచిత్రమైన లెక్క ఉంది. అయిదు కొంటే అది అప్పటికప్పుడు తినే చిరుతిండి, పన్ను ఉంటుంది. ఆరు కొంటే ఇంటి సరుకు కింద లెక్క, పన్ను ఉండదు. ఒక్కొక్కటి 1.80 డాలర్లనుకుంటే అయిదింటికి పన్నుతో 10.17, ఆరింటికి 10.80; అంటే ఆరవది 63 సెంట్లకే వచ్చినట్లు. అతిథులు వస్తున్నప్పుడు పనికివచ్చే సూత్రమే గాని, ఇద్దరే ఉన్న ఇంట్లో పన్ను మిగిల్చేందుకు ఆరు డోనట్లు తినడం లాభసాటి బేరం కాదు.

కార్డు యంత్రం టిప్పు అడిగినప్పుడు కొత్తవారు బెదిరిపోతారు. తెర మీద 15, 18, 20 అన్న అంకెలు మాత్రమే పెద్దగా కనిపిస్తాయి. ఏమీ ఇవ్వకుండా ముందుకు సాగే మీట కూడా అక్కడే ఎక్కడో చిన్నగా ఉంటుంది. బల్ల దగ్గరకు వచ్చి వడ్డించే హోటలులో టిప్పు ఇవ్వడం ఇక్కడి మర్యాద. నిలబడి తీసుకొని, ఎంగిలి పళ్ళాన్ని తామే తీసి పెట్టే కౌంటర్ దగ్గర అది ఇచ్చేవారి ఇష్టం, ఇవ్వకపోతే ఎవరూ చిన్నచూపు చూడరు. కొన్ని యంత్రాలు టిప్పును పన్ను కలిపిన మొత్తం మీద లెక్కగడతాయి గనుక, పైన చెప్పిన 14.68 మీద 15 శాతం నొక్కితే బిల్లు 16.88కి చేరుతుంది: బోర్డు మీద పదమూడు అనుకున్నది దాదాపు పదిహేడు అయినది.

6. యాప్ ఇచ్చే తగ్గింపుకు బదులుగా ఏమి ఇస్తున్నారో చూసుకోవాలి.

ఫోనులో యాప్ పెట్టుకున్నవారికి కూపన్లు, పాయింట్లు దొరుకుతాయి, వాటిని వదులుకోమని చెప్పడం అనవసరం. అయితే టిమ్ హార్టన్స్ యాప్ తెరిచి లేనప్పుడు కూడా వినియోగదారుల కదలికలను నమోదు చేసినట్లు 2022 జూన్‌లో కెనడా గోప్యతా కమిషనర్లు తమ దర్యాప్తులో తేల్చారు. ఆ సేకరణను సంస్థ అప్పటికే ఆపివేసింది. ఏ యాప్‌కైనా లొకేషన్ అనుమతిని వాడుతున్నప్పుడు మాత్రమే అన్న అమరికలో ఉంచితే చాలు.

7. గుమ్మం దగ్గర అతికించిన కాగితం చూడాలి.

మిస్సిసాగా పీల్ ప్రాంతానికి చెందినది. ఆ ప్రాంత ప్రజారోగ్య శాఖ ఆహార దుకాణాలను తనిఖీ చేసి ఫలితాన్ని ప్రవేశ ద్వారం దగ్గర పెట్టిస్తుంది. ఆకుపచ్చ అయితే తనిఖీలో నెగ్గినట్లు, ఎరుపు అయితే మూసివేసినట్లు. పాత నివేదికలు ఆ శాఖ వెబ్‌సైటులో చదవవచ్చు, కొత్త బిర్యానీ హోటలుకు వెళ్ళే ముందు అది రెండు నిమిషాల పని.

8. ఊరి నుంచి వచ్చిన పెద్దల కోసం విడిగా సిద్ధం కావాలి.

ఆరు నెలలు ఉండేందుకు వచ్చిన అమ్మ, అత్తగారు పగలు కొడుకు కోడలు పనికి వెళ్ళిన తరువాత మాల్‌కు నడిచివెళ్ళి, ఇంగ్లీషులో అడగలేక, ఏది తింటే ఏమవుతుందోనన్న భయంతో ఆకలితోనే తిరిగి వచ్చే ఇళ్ళు ఎన్నో. దీనికి ఉపాయం చాలా చిన్నది. మాంసం, చేప, గుడ్డు, మాంసపు గ్రేవీ వద్దన్న నాలుగు ముక్కలను పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ఒక అట్టముక్క మీద రాసి ఇవ్వాలి, దానిని కౌంటర్ దగ్గర చూపితే సరిపోతుంది. దాని కిందనే వారికి నచ్చిన, ముందే పరీక్షించి చూసిన మూడు పదార్థాల పేర్లు, దుకాణం పేరుతో సహా రాయాలి: క్రీమ్ చీజ్ రాసిన బేగెల్, చక్కెర లేని టీ, ఫలాఫెల్ చుట్టిన రొట్టె వంటివి. మొదటిసారి పిల్లలలో ఒకరు వెంట వెళ్ళి, మాట్లాడకుండా రెండడుగులు వెనుక నిలబడి, పెద్దవారే అట్ట చూపించి, డబ్బు చెల్లించి, పళ్ళెం తెచ్చుకునేటట్లు చూడాలి. మధ్యలో దూరి తామే చెప్పేస్తే రెండవసారి కూడా వారే వెళ్ళవలసి వస్తుంది. అట్ట వెనుక వైపు ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఎక్కవలసిన మైవే, అంటే నగర రవాణా సంస్థ, బస్సు నంబరు ఉండాలి. స్క్వేర్ వన్ అయితే ఏ ద్వారం గుండా లోపలికి వచ్చారో అది కూడా రాయాలి, ఎందుకంటే ఆ మాల్‌కు ద్వారాలు చాలా ఉన్నాయి, బయటకు వచ్చాక ఏ వైపు చూసినా పార్కింగు ఒకేలా ఉంటుంది.